కొలను కోసం తవ్వితే...

అమీర్‌పేటలో మూడొందల గజాల స్థలం. ముందు ఇల్లు, వెనక పెరడు. రెండు అరటి చెట్లు, ఓ కరివేపాకు చెట్టు, బట్టలారేసే తీగ. చుట్టూ ఇళ్లన్నీ అయిదంతస్తుల హాస్టళ్లయిపోయినా ఆ పెరడు మాత్రం అలాగే మిగిలింది.

ఓ రోజు డాలస్ నుంచి కొడుకు ఫోన్ చేశాడు. ‘‘నాన్నా, పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టిద్దాం. సెలవులకొచ్చినప్పుడు పిల్లలకు బాగుంటుంది. డబ్బు నేను పంపిస్తా.’’

రిటైరైన మాస్టారికి మనవరాళ్ల పేరు చెబితే చాలు. వెంటనే సరేనన్నారు. ఆవిడ మాత్రం ‘‘మరి నీళ్లో?’’ అంది. మేడ మీద వాటాలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకోవడానికి జిల్లాల నుంచి వచ్చిన అమ్మాయిలు అద్దెకుంటున్నారు. ఏటా వేసవిలో మనిషికి రెండు బకెట్లని వాళ్లకు లెక్క చెప్పాల్సింది ఆవిడే మరి!

పూల్ అంటే గొయ్యి తీసి నీళ్లు పోయడమే అనుకున్నారు మాస్టారు. కాంట్రాక్టరు వచ్చి చెబుతుంటే రాసుకోవడానికి కాగితం చాల్లేదు. ముందు మున్సిపల్ అనుమతుల సంగతి కనుక్కోవాలి. ఇంటి పునాదికీ, ప్రహరీకీ తగినంత దూరం ఉండాలి. తవ్విన మట్టిని ఆ ఇరుకు సందులోంచి బయటకు తరలించాలి. గుంతలో ఇనుప చువ్వలు అల్లి కాంక్రీటు పోయాలి. క్యూరింగ్, ఆ తర్వాత వాటర్‌ప్రూఫింగ్. టైల్స్ అతికించక ముందే నీళ్లు నింపి, కొన్ని రోజులు మట్టం చూడాలి. ఎండకు ఆవిరయ్యే దానికన్నా ఎక్కువ తగ్గితే లీకున్నట్టే!

అంతటితో అయిపోదు. పంపు, ఇసుక ఫిల్టరు రోజూ కొన్ని గంటలు నడవాలి. క్లోరిన్ వేస్తుండాలి. నీటి పీహెచ్ 7.2 - 7.8 మధ్య ఉందో లేదో చూసుకోవాలి. చంటిపిల్లలు తిరిగే ఇల్లయితే చుట్టూ కంచె, గడియ వేసే గేటు తప్పనిసరి. ఏడాదిలో ముప్పై రోజులు ఈదే కొలనుకు మూడొందల అరవై అయిదు రోజుల కాపలా!

హైదరాబాద్‌లో తవ్వకమంటే ఇంకో భయం... బండ. ఈ నగరం కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఒకచోట రెండడుగులకే తగులుతుంది, ఇంకోచోట పదడుగులకూ తగలదు. ఇళ్ల మధ్య పేల్చడం కుదరదు, డ్రిల్లు పెట్టి ముక్కలుగా కొట్టాల్సిందే. అందుకే ముందు ఓ పరీక్ష గుంత తీయించారు.

నాలుగడుగులు దిగాక మేస్త్రీ పైకొచ్చాడు. ‘‘సార్, ఈడ బండ లేదు. అంతా పూడ్చిన మట్టే. ఇటుక ముక్కలు, పెంకులు వస్తున్నయ్. ఇంతకుముందు ఈడ ఏముండె?’’

మాస్టారు మాట్లాడలేదు. ‘‘బావి’’ అంది ఆవిడ, వంటింటి గుమ్మంలోంచే.

ఇల్లు కట్టడానికి ముందే తవ్వించిన బావి అది. బోరు వేయించాక ఓ వేసవిలో ఎండిపోతే మాస్టారే పూడ్పించారు. వద్దండీ అని ఆవిడ ఎంత చెప్పినా వినలేదు. కూతవేటు దూరంలో బల్కంపేట ఎల్లమ్మ తల్లి భూమట్టానికి పదడుగుల దిగువన కొలువై ఉంది. బావి తవ్వుతుంటే అమ్మవారు దొరికిందని జనం నమ్మకం. ఏటా ఆషాఢంలో కల్యాణం చూసి వచ్చిన రోజు ఆవిడ పెరట్లోకి వెళ్లి ఆ మట్టి వంక కాసేపు చూసి వచ్చేది. ఆయనను మాత్రం ఒక్క మాట అనలేదు.

కాంట్రాక్టరు తల అడ్డంగా ఊపాడు. పూడ్చిన మట్టి ఒక పక్క దిగుతుంది, ఒక పక్క నిలుస్తుంది. దాని మీద పూల్ కడితే పగుళ్లు ఖాయం. మట్టంతా తీసి గట్టి చేస్తే తప్ప కుదరదు.

ఆ రాత్రి మాస్టారు లెక్కలు వేశారు. ఇరవై అడుగుల పొడవు, పది వెడల్పు, నాలుగు లోతు... 800 ఘనపుటడుగులు. అంటే 22 వేల లీటర్లకు పైనే! 2021 జనవరిలో మొదలైన పథకం కింద నగరంలో ఇంటికి నెలకు ఉచితంగా ఇచ్చేదే 20 వేల లీటర్లు. అదీ వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసి తెచ్చే కృష్ణా, గోదావరి నీళ్లు. 2024 మార్చిలో బెంగళూరులో కటకట వస్తే, ఈత కొలనుల్లో తాగునీరు పోయొద్దని అక్కడి జలమండలి ఆంక్ష పెట్టింది.

మరో లెక్క కూడా వేశారు. డాబా వెయ్యి చదరపు అడుగులు. హైదరాబాద్‌లో ఏటా కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు. అంటే డాబా మీద పడే వాన 74 వేల లీటర్లు. అయిదో వంతు పోయినా దాదాపు 60 వేలు. ఇన్నేళ్లూ అదంతా మోరీ పాలే!

పొద్దున్నే కొడుక్కి ఫోన్ చేశారు. ‘‘ఒరేయ్, పూల్ కట్టగలం. నింపడానికే ముఖం చెల్లడం లేదు. పైన ఆడపిల్లలు బకెట్లు లెక్కపెట్టుకుంటుంటే కింద మనం ఈత కొడతామా? ఆ బావి పూడ్చింది నేనే. నేనే తెరిపిస్తా.’’

అవతల కొంతసేపు మాట లేదు. తర్వాత, ‘‘సరే నాన్నా, పిల్లలకు నేను చెప్పుకుంటాలే’’ అన్నాడు.

లోతుకు దిగేకొద్దీ గాలి ఆడదు కాబట్టి అనుభవమున్న పనివాళ్లనే పిలిపించారు. డాబా నీళ్లు కంకర, ఇసుక నింపిన గుంతలోంచి వడపోసుకుని బావిలోకి దిగేలా గొట్టాలు పెట్టించారు. దుమ్ముతో వచ్చే తొలి వాన నీరు బయటకే పోయేలా విడిగా ఓ వాల్వు. బావి మీద ఇనుప జాలీ, దానికి తాళం.

జులైలో మనవరాళ్లు వచ్చారు. పంజాగుట్టలో కొన్న గాలి తొట్టెలో నాలుగు బకెట్ల నీళ్లతో సంబరపడ్డారు. ఆ నీళ్లు సాయంత్రం అరటి చెట్లకు పోశారు. వాళ్లు వెళ్లిపోయారు, వానలు సాగుతున్నాయి. బావి నిండలేదు. ఒక్క ఏడాదికే నిండుతుందని మాస్టారూ అనుకోలేదు. రోజూ పొద్దున్నే తాడుకు రాయి కట్టి జాలీ సందులోంచి వదులుతారు. పైకి లాగి, తడిసిన మేర వేళ్లతో కొలుస్తారు. ఎవరూ అడక్కపోయినా వంటింటి గుమ్మం దగ్గరకెళ్లి చెబుతారు.

‘‘ఇవాళ అడుగున్నర.’’