జాబ్ కార్డు

బ్రేకుల మరమ్మతుకై కారును డీలరు వర్క్‌షాపులో అప్పగించి ఇంటికి చేరాను. సాయంత్రం వెళ్లి చూడగా ఎడమ తలుపుపై పెద్ద సొట్ట!

"ఇది ముందే ఉంది సార్" అన్నారు సూపర్‌వైజరు. నా వద్దనున్న జాబ్ కార్డు ప్రతిని చూపాను. అందులో సొట్ట గుర్తే లేదు. అప్పగించిన వస్తువును సొంత వస్తువువలె జాగ్రత్తగా చూడవలసిన బాధ్యతను 1872 నాటి కాంట్రాక్టు చట్టమే విధించిందనీ, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం క్రింద రెండేళ్లలోగా జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చుననీ వివరించాను.

ఆయన మెత్తబడి, "సరే సార్, ఈ కుర్రవాడి జీతంలో కోసి బాగుచేయిస్తాం" అన్నారు. మూలన నిలుచున్న మెకానిక్ తల వంచుకున్నాడు.

"నా వివాదం సంస్థతోనే, ఇతనితో కాదు" అని ఫిర్యాదులో వ్రాసి ఇచ్చాను. వారంలో తలుపు బాగైంది. అతని జీతం కోతపడలేదని తెలిసిన నాడే వివాదం ముగిసిందనుకున్నాను.