పంది కడుపుకు పులుపే కాపలా!

పెరుగన్నం తింటే కడుపు చల్లగా ఉంటుందంటారు పెద్దలు. రాత్రి మిగిలిన అన్నంలో గంజి పోసి, పులిశాక పొద్దున్నే తినడమూ మనకు కొత్త కాదు. ఆ పులుపు కిటుకే ఇప్పుడు పందుల దాణాలోకీ వచ్చింది. పేరు... సేంద్రియ ఆమ్లాలు. ఎరువుల్లేని సేద్యంతో దీనికి సంబంధం లేదు. నిమ్మలో ఉండే సిట్రిక్, పెరుగులో ఉండే లాక్టిక్, ఎర్రచీమ కుడితే చురుక్కుమనిపించే ఫార్మిక్... అన్నీ ఈ కుటుంబానివే.

కామారెడ్డి జిల్లా బాన్సువాడ వరి సీమ. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు ఇక్కడి పొలాలను తడిపాయి. వరి ఉన్నచోట తవుడుకూ, నూకలకూ కరవుండదు. ఇలాంటి ఊళ్లలో పందుల్ని నమ్ముకున్న పేద కుటుంబాలకు ఆ తవుడు, హోటళ్లలో మిగిలిన అన్నమే పెట్టుబడి. ఆడపంది చూడితో ఉండేది మూడు నెలల మూడు వారాల మూడు రోజులు. ఈతకు ఎనిమిదో, పదో పిల్లలు. ఇంట్లో పెళ్లికైనా, బడి ఫీజుకైనా అక్కరకొచ్చేది ఆ డబ్బే. కానీ పుట్టినవన్నీ బతకాలి కదా!

గండమంతా పాలు మాన్పించిన తొలి రోజుల్లోనే. తల్లి దగ్గరున్నన్నాళ్లూ పాలలోని చక్కెర లాక్టిక్ ఆమ్లంగా మారి కడుపులో పులుపును నిలబెడుతుంది. పాలు ఆగితే అదీ ఆగిపోతుంది. పిల్ల కడుపులో సొంతంగా ఊరే ఆమ్లం ఇంకా చాలదు. పైగా దాణాలోని సున్నపురాయి పొడి, సోయా చెక్క ఉన్న కాస్త పులుపునూ విరిచేస్తాయి. అరగని మాంసకృత్తులు పేగుల్లో ఇ-కొలి బ్యాక్టీరియాకు విందు భోజనం. ఇంకేముంది... పారుడు! నిన్న గంతులేసిన పిల్ల ఇవాళ లేవదు.

క్రిమి ఓపిక తీసేస్తుంది

దాణాకు ఆమ్లం తోడైతే అరుగుదలకు సాయపడే పెప్సిన్ చురుగ్గా పనిచేస్తుంది. రెండో పని మరీ చిత్రం. ఆమ్లపు అణువు బ్యాక్టీరియా లోపలికి దూరి, అక్కడ విడిపోయి పులుపు పెంచుతుంది. దాన్ని బయటికి తోడిపోసుకోవడంతోనే క్రిమి ఓపిక అయిపోతుంది. ఇక పెరిగేదెక్కడ? పులుపును తట్టుకునే మేలు బ్యాక్టీరియా మాత్రం నిలుస్తుంది.

ఇదివరకు ఈ పనికి చాలా దేశాలు నమ్ముకున్నది యాంటీబయాటిక్‌లనే. రోజూ దాణాలో చిటికెడు కలిపేవారు. ఆ చిటికెడుకు చావని క్రిములు మొండికెత్తాయి. స్వీడన్ 1986లోనే ఎదుగుదల కోసం వీటి వాడకాన్ని ఆపేసింది. 2006 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య అంతటా నిషేధం వచ్చింది. 2015లో చైనా పందుల్లోనూ, రోగుల్లోనూ కొలిస్టిన్‌కు లొంగని ఎంసీఆర్-1 జన్యువు బయటపడింది. వేరే మందులు పనిచేయనప్పుడు డాక్టర్లు ఆఖరి అస్త్రంగా వాడేది ఈ కొలిస్టిన్‌నే. మన దేశంలోనూ 2019 జులైలో పశువులకు, కోళ్లకు దాని వాడకాన్ని నిషేధించారు. అంటే పంది మాంసం ముట్టని ఇంటికీ ఈ దాణాతో సంబంధం ఉన్నట్టే!

కొలత తప్పితే...

సిట్రిక్ ఆమ్లమైతే సాధారణంగా వంద కిలోల దాణాకు ఒకటి, రెండు కిలోలు చాలు. మరీ ఎక్కువైతే పందులు మేత ముట్టవు. ఫార్మిక్ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి పశువైద్యుణ్ని అడగకుండా చెయ్యి పెట్టకూడదు. పుల్లబడింది కదా అని ముక్కిన తవుడు పెట్టడమూ తప్పే. అది మంచి పులుపు కాదు, నూనె చెడిన వాసన. ప్రొపియోనిక్ ఆమ్లం బూజును ఆపుతుంది గానీ, చెక్కలో అప్పటికే పుట్టిన అఫ్లాటాక్సిన్ విషాన్ని విరవలేదు. 2020లో అసోంలో బయటపడ్డ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కూ ఇది మందు కాదు. హోటల్ ఎంగిలిని బాగా మరిగించాకే పెట్టాలి.

పొడి నేల, మంచినీళ్లు, తొందరపడకుండా పాలు మాన్పించడం... వీటికి తోడైతేనే పులుపు గట్టి కాపలా. ఈతలో రెండు పిల్లలు ఎక్కువ నిలిస్తే ఆ ఇంటికి లాభం. యాంటీబయాటిక్ పదును తగ్గకుండా ఉంటే ఊరందరికీ లాభం.