ఎల్.బి.నగర్‌లో దిగితే...

అమరావతి నుంచి హైదరాబాదు బస్సెక్కిన మనవాడు పిడుగురాళ్ల, మిర్యాలగూడల మీదుగా రానీండి, విజయవాడ హైవే పట్టుకుని రానీండి... తెల్లారేసరికి కళ్లు నులుముకుని చూసేది ఒక్కచోటే. ఎల్.బి.నగర్ చౌరస్తా! మాచర్ల నుంచి సాగర్ రోడ్డున వచ్చేవాళ్లకీ అదే గుమ్మం.

సినిమా పత్రికలో స్టేషన్ గోలేమిటంటారా? వేషాల కోసం, పాటల కోసం, అసిస్టెంటు పని కోసం మనవైపు నుంచి బస్సులో వచ్చే కుర్రాళ్లలో చాలామంది భాగ్యనగరంలో మొదట కాలుపెట్టేది ఇక్కడే మరి. దారిలో 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ కనపడగానే, ఇంకేముంది కృష్ణానగర్ వచ్చేసిందనుకుంటారు, పాపం! అసలు ప్రయాణం ఎల్.బి.నగర్‌లో మొదలయ్యేది. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట ట్రాఫిక్కులో బస్సు నత్తలా పాకేది. 2016లో ఒక సంగీత దర్శకుడి ఇంటర్వ్యూకి నేను నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. ఆయన అప్పటికే రికార్డింగుకి వెళ్లిపోయారు. తప్పు ఆయనది కాదు, మలక్‌పేటది!

ఈ మెట్రో కథ కూడా సినిమా కథకి తీసిపోదు. 2008లో కాంట్రాక్టు మేటాస్ వారి బృందానికి దక్కింది. ప్రభుత్వం దగ్గర డబ్బు అడగకపోగా, తామే 30,311 కోట్లు ఎదురిస్తామన్నారు! ఇంగ్లీషులో సత్యం అక్షరాల్ని తిరగేస్తే మేటాస్. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కల బండారం బయటపడింది. ఆ ఏడే కాంట్రాక్టు రద్దయింది. ఇంటర్వెల్ తర్వాత, 2010లో, ఎల్ అండ్ టి రంగప్రవేశం చేసింది.

2017 నవంబరు 28న ప్రధాని మోదీ మియాపూర్‌లో తొలి మెట్రోని ప్రారంభించారు. మన గుమ్మం దాకా రావడానికి ఇంకో పది నెలలు పట్టింది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా 16 కిలోమీటర్లు తెరిచారు. దాంతో మియాపూర్-ఎల్.బి.నగర్ ఎర్ర లైను 29 కిలోమీటర్లూ, 27 స్టేషన్లూ పూర్తయ్యాయి. చివరి స్టేషనని పేరేగానీ, మనకది మొదటిది.

మొన్న పొద్దున్నే దిగి మెట్లెక్కుతుంటే పంచె కట్టుకున్న ఒక పెద్దాయన, భుజాన సంచితో, "అబ్బాయ్, మియాపూర్ పోయే రైలు ఇదేనా?" అన్నాడు.

"ఇదే బాబాయ్. మీదే ఊరు?"

"తుళ్లూరు. మావాడు కృష్ణానగర్‌లో డబ్బింగు పనిలో ఉన్నాడులే."

అమీర్‌పేటలో నీలం లైను మారి యూసుఫ్‌గూడలో దిగమని చెప్పి, పక్కనే కూర్చున్నాను. మూడు పెట్టెల రైలు. చల్లగా ఏసీ. ముప్పావుగంట లోపే అమీర్‌పేట! ఆయన కిటికీకి అతుక్కుపోయాడు. మూసీ దాటాక మెల్లిగా అన్నాడు:

"2015లో రాజధానికని మూడెకరాలిచ్చానయ్యా. మిరప, పత్తి బంగారంలా పండేది. మన దగ్గర ఇట్టాంటిది ఎప్పుడొస్తదంటావ్?"

ఆయనలాంటి రైతులు ఇచ్చింది 33 వేల ఎకరాల పైచిలుకు. ఉత్త మాట చెప్పి తప్పించుకోబుద్ధి కాలేదు. 2024 అక్టోబరులో కేంద్రం ఎర్రుపాలెం-అమరావతి-నంబూరు లైను మంజూరు చేసిందనీ, 57 కిలోమీటర్లకి 2,245 కోట్లనీ, కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెన వస్తుందనీ చెప్పాను.

"అది పెద్దరైలు గదా. నేనడిగేది దీన్ని!"

విజయవాడ, గుంటూరు, తెనాలి ప్రాంతానికి మెట్రో వీలవుతుందేమో ఏడాదిలోగా చూడమని 2014 విభజన చట్టంలోనే రాశారు. అదీ చెప్పాను. ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. ఒక చెయ్యి అయిపోయింది, రెండోదీ అయిపోయింది. నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు.

అన్నట్టు, ఎర్ర లైనుని హయత్‌నగర్ దాకా ఇంకో 7.1 కిలోమీటర్లు పొడిగించాలని 2024లో తెలంగాణ ప్రభుత్వం ప్రతిపాదించింది. అదయితే మన కుర్రాళ్లు ఇంకా ముందే బస్సు దిగిపోవచ్చు.

హైదరాబాదులో తొలి స్టూడియో అయిన సారథి ఉన్నది అమీర్‌పేటలోనే. "అదుగో, అటువైపే" అని చూపిద్దామనుకునేలోగా స్టేషన్ వచ్చేసింది. పెద్దాయన సంచి ఎత్తగానే ఎండుమిరపకాయల ఘాటు గుప్పుమంది. పక్కనున్న అమ్మాయి గట్టిగా తుమ్మింది.

"మా దొడ్లోవేనమ్మా, మావాడికి!" అని నొచ్చుకుంటూ దిగి, తలుపు మూసుకునేలోగా వెనక్కి తిరిగి అరిచాడు:

"ఏమయ్యా, యూసుఫ్‌గూడే గదా!"