గుంటూరు ఘాటు సరే... గోల ఎంత?

గుంటూరు అంటే మిర్చి ఘాటు. సీజన్‌లో ఈ ఊరికి ఇంకో ఘాటు కూడా ఉంటుంది. అది ముక్కుకు కాదు, చెవికి తగులుతుంది. ఫిబ్రవరి, మార్చిలో చిలకలూరిపేట రోడ్డు మీద మిర్చి యార్డు ముందు నిలబడి చూడండి. టిక్కీల లోడుతో లారీలు, ట్రాక్టర్లు, సందు దొరికితే దూరే ఆటోలు. అందరి చెయ్యీ హారన్ మీదే.

నేను ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ తెరిచాను. అంకె ఒకచోట నిలవదు. లారీ హారన్ కొడితే ఎగురుతుంది, లారీ పోగానే దిగుతుంది. పక్కన ఆటో అన్న అడిగాడు.

"ఏందయ్యా, సిగ్నల్ రావట్లేదా?"

"కాదన్నా, సౌండ్ ఎంతుందో చూస్తున్నా."

"దానికి ఫోనెందుకు? నా చెవులు చాలవా!"

నవ్వొచ్చింది. కానీ చెవి మాట ఏ ఆఫీసులోనూ చెల్లదు, లెక్క కావాలి. పెద్ద అంకె కనబడగానే స్క్రీన్‌షాట్ తీస్తే అది లెక్క కాదు. ఒక్క కాయ చూసి యార్డులో ఎవరూ లాట్ మొత్తానికి ధర కట్టరు కదా.

శబ్దానికి సగటు కూడా వేరు. గంటలో 59 నిమిషాలు 65 డెసిబెల్స్, ఒక్క నిమిషం హారన్లతో 95 అనుకుందాం. మామూలుగా భాగిస్తే సగటు 65.5. శబ్దశక్తి ప్రకారం లెక్కిస్తే దాదాపు 77.5! ఆ ఒక్క నిమిషం గంటంతటినీ మింగేస్తుంది. ఆ నిమిషం మీటర్ ఆపి ఉంటే ఊరంతా ప్రశాంతం అని రాసేస్తాం. అందుకే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో హైదరాబాద్ సహా 7 నగరాల్లో 24 గంటలూ కొలిచే మీటర్లు పెట్టడం మొదలుపెట్టింది.

యార్డు నుంచి జీజీహెచ్‌కి వచ్చాను. పల్నాడు, ప్రకాశం నుంచి కూడా జనం వచ్చే పెద్దాసుపత్రి ఇది. రూలు ప్రకారం ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అలా ప్రకటించిన చోట పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటకూడదు. అత్యవసరమైతే తప్ప హారన్ కొట్టకూడదు. గేటు ముందు ఐదు నిమిషాలు నిలబడితే ఈ రూలు ఎంతమందికి గుర్తుందో తెలిసిపోతుంది. లోపల ఆపరేషన్ అయి పడుకున్నవాళ్లకు మ్యూట్ బటన్ లేదు.

మీరూ కొలవొచ్చు. ఒకే ఫోను, ఒకే చోటు, ఒకే ఎత్తు, ఒకే గంట. గోడకు దూరంగా, మైక్‌కి గాలి కొట్టకుండా చూసుకోండి. ఫోనుకీ ఫోనుకీ తేడా ఉంటుంది కాబట్టి ఆ అంకె రుజువు కాదు. అయినా వారం వారం గోల పెరిగిందో తగ్గిందో చెబుతుంది.

గుంటూరుకు ఇంకో సౌకర్యం ఉంది. ఎండాకాలంలో యార్డుకు సెలవులిస్తారు. సీజన్‌లో ఒకసారి, సెలవుల్లో ఒకసారి అదే చోట కొలిస్తే లారీల వాటా ఎంతో బయటపడుతుంది. లారీలు లేకపోయినా అంకె దిగలేదా? అయితే నింద మిర్చి మీద వెయ్యలేం. ఆ హారన్ మన బైకుదే.