2025 చైత్ర వైశాఖాల కబుర్లు

2025లో ఉగాది, రంజాన్ పండగ ఒకే నెలవంక మీద వచ్చాయి, గమనించారా? మార్చి 29, శనివారం అమావాస్య. మర్నాడు మనకు విశ్వావసు నామ సంవత్సరం మొదలైంది. అదే ఆదివారం పొద్దున దుబాయ్‌లో, రియాద్‌లో ఈద్ నమాజులు జరిగాయి. అక్కడున్న మనవాళ్లకు ఉగాది పచ్చడి, షీర్ ఖుర్మా ఒకే రోజు దొరికాయన్నమాట. హైదరాబాద్‌లో నెలవంక ఆ సాయంత్రం కనిపించింది కాబట్టి ఇక్కడ పండగ సోమవారం అయింది.

ఆ చంద్రుడు పెరుగుతున్నకొద్దీ పండగలు వరస కట్టాయి. నవమి నాడు భద్రాచలంలో సీతారాముల కల్యాణం, త్రయోదశి నాడు మహావీర జయంతి, పున్నమి రాత్రి యూదుల పస్కా. మధ్యలో సూర్యుడి లెక్కన వైశాఖి. పున్నమి వెళ్లాక ఈస్టర్. మరుసటి పున్నమికి బుద్ధ జయంతి. ఇన్ని మతాలు తమ మొదటి కథను ఇంత దగ్గర దగ్గరగా తలుచుకునే రోజులు ఏడాదిలో మళ్లీ రావు. ఒక మతం దేన్ని నమ్ముతుందో తెలియాలంటే, గ్రంథం తెరిచేముందు, పండగ నాడు వాళ్లింట్లో ఏం చేస్తారో చూడాలంటాను నేను. ఈసారి కబుర్లన్నీ ఆ చూపుతోనే.

రంజాన్ సంగతి ముందు. మార్చి 2 నుంచి నెల పాటు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, సహర్ మొదలు ఇఫ్తార్ దాకా గుక్కెడు మంచినీళ్లు కూడా తాగకుండా ఉన్నారు. హలీం గురించి రాసినంతగా మన పత్రికలు ఫిత్రా గురించి రాయవు. నాకు మాత్రం ఆ పండగ ప్రాణమంతా అందులోనే కనిపిస్తుంది. ఈద్ నమాజుకు వెళ్లేలోపే, ఇంట్లో ఉన్న ఒక్కొక్కరి తరఫునా, చంటిబిడ్డతో సహా, బీదవాళ్లకు కొంత ధాన్యమో దాని ఖరీదో ఇచ్చెయ్యాలి. ఆ పూట ఎవరింట్లోనూ పొయ్యి వెలగని పరిస్థితి ఉండకూడదు. ఇది కాక జకాత్ ఉంది: కొంత స్తోమత ఉన్నవాళ్లు ఏడాది పాటు నిలవున్న సొమ్ములో 2.5 శాతం తీసి ఇవ్వాలి. దాన్ని దయతో వేసే దానంగా చూడరు, బీదవాడికి రావాల్సిన వాటాగా చూస్తారు. క్రీ.శ. 610 ప్రాంతంలో, మక్కా పక్కన హిరా గుహలో, ముహమ్మద్ ప్రవక్తకు మొదటి దైవవాణి వినబడింది ఈ నెలలోనే. దేవుడొక్కడే, ఆయనకు రూపం లేదు, సాటి లేదు. ఆయన ముందు దొరా బంటూ ఒకే వరసలో నిలబడాలి. మీరాలం ఈద్గాలో భుజానికి భుజం ఆనించి నిలబడ్డ వాళ్లను చూస్తే ఆ నమ్మకం వేరే చెప్పక్కర్లేదు.

ఏప్రిల్ 6న శ్రీరామనవమి. భద్రాచలం తలంబ్రాలకు ముత్యాలు పంపే ఆనవాయితీ గోల్కొండ తానీషా నుంచి వచ్చిందని అందరికీ తెలిసిందే. తెలిసిందే అయినా ఏటా ఒకసారి చెప్పుకోవాల్సిన మాట అది.

త్రయోదశి ఏప్రిల్ 10న వచ్చింది. మహావీరుడు క్రీ.పూ. 599లో, వైశాలి దగ్గర కుండగ్రామంలో పుట్టాడని జైనుల లెక్క. ఆయన్ని మతం స్థాపించినవాడని వాళ్లు అనరు, 24 మంది తీర్థంకరుల్లో చివరివాడంటారు. లోకాన్ని సృష్టించిన దేవుడంటూ లేడు, ప్రతి ప్రాణికీ ఆత్మ ఉంది, చేసిన కర్మ సూక్ష్మమైన పదార్థంగా ఆ ఆత్మను అంటుకుంటుంది. దాన్ని వదిలించుకోవడమే జీవితం. పొద్దుగూకక ముందే భోజనం ముగించడం, నీళ్లు వడకట్టి తాగడం, ఇవన్నీ కంటికి ఆనని పురుగుకి కూడా హాని జరక్కూడదనే. భువనగిరి దగ్గర కొలనుపాకలో పచ్చరాతి మహావీరుణ్ణి చూడనివాళ్లు తప్పకుండా చూడండి. జైనం మన నేల మీద ఎంతగా వేళ్లూనుకుందో అక్కడ తెలుస్తుంది.

రెండు రోజులకి చైత్ర పున్నమి. మనకు హనుమంతుడి ఆలయాలు కిక్కిరిసిన ఆ సాయంత్రమే, లోకమంతటా యూదుల ఇళ్లలో పస్కా భోజనానికి బల్లలు సర్దారు. ఈ పండగ మీద నాకు ప్రత్యేకమైన మక్కువ. ఎందుకంటే అది ఒక పిల్లవాడి ప్రశ్నతో మొదలవుతుంది. ఆ పూట ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు లేచి, మిగతా రాత్రుల్లా కాక ఈ రాత్రి ఎందుకింత వేరుగా ఉందని అడగాలి. పెద్దవాళ్లు జవాబు చెప్పాలి. ఐగుప్తులో ఫరోకి బానిసలుగా ఇటుకలు చేసిన రోజుల నుంచి మోషే వెంట బయటపడ్డదాకా కథంతా వినిపించాలి. పిండి పులిసే వ్యవధి కూడా లేకుండా పరుగెత్తారు కనక వారం పాటు పులియని రొట్టెలే తింటారు. ఇంట్లో పులిసిన పదార్థం చిన్న ముక్క కూడా మిగలకుండా ముందే వెతికి తీసేస్తారు. మన పచ్చడిలో వేపపువ్వులాగే ఆ పళ్లెంలోనూ చేదు ఆకు ఉంటుంది, బానిసత్వపు చేదుకి గుర్తుగా. కన్నీళ్లకి గుర్తుగా ఉప్పునీళ్లు. ఆ మతంలోని సారమంతా ఈ పళ్లెంలో ఉంది: ఒక్కడే దేవుడు, ఆయన తమ పూర్వీకులతో ఒడంబడిక చేసుకున్నాడు, తమని విడిపించాడు, విడిపించాక సీనాయి కొండ మీద ధర్మశాస్త్రం ఇచ్చాడు. మనమే బానిసత్వం నుంచి బయటికొచ్చినట్టు భావించాలని ప్రతి తరానికీ చెబుతారు. మూడు వేల ఏళ్లుగా నిలిచిన జ్ఞాపకం వెనక ఉన్నది పిల్లల చేత అడిగించడమే.

ఇదేదో దూరపు సంగతి అనుకోకండి. గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తెలుగు మాట్లాడే చిన్న సమూహం ఒకటి ఎఫ్రాయిము గోత్రం తమదని నమ్ముతూ యూదు ఆచారాలు పాటిస్తోంది. వాళ్లకి చిన్న ప్రార్థనామందిరం కూడా ఉంది.

పస్కా మర్నాడే వైశాఖి. 1699లో ఇదే పండగ నాడు ఆనందపూర్ సాహిబ్‌లో గురు గోవింద్ సింగ్ కత్తి దూసి, తల ఇచ్చేవాళ్లు ఎవరని అడిగాడు. ఒకరి తర్వాత ఒకరు అయిదుగురు లేచారు. లాహోర్ నుంచి ఒకరు, హస్తినాపురం నుంచి ఒకరు, ద్వారక నుంచి, పూరీ నుంచి ఒక్కొక్కరు. అయిదోవాడు సాహిబ్ చంద్, క్షురకుల కుటుంబంలో పుట్టినవాడు, ఊరు బీదర్. మన జహీరాబాద్ దాటితే వచ్చే బీదరే! గురువు ఆ అయిదుగురికీ అమృతం ఇచ్చి, ఆ తర్వాత వాళ్ల ఎదుట తానే చేతులు జోడించి వాళ్ల చేత్తో అమృతం తీసుకున్నాడు. కులం నిచ్చెనను ఆ ఒక్క పనితో కింద పడేశాడు. 1469లో పుట్టిన నానక్ దగ్గర మొదలైన మాట ఇదే. రూపంలేని దేవుడొక్కడు, ఆయన్ని తలుచుకో, కష్టపడి సంపాదించు, పంచుకుని తిను. లంగరులో నేల మీద పక్కపక్కన కూచుని తిన్నవాళ్లకి ఇది అనుభవమే. గోవింద్ సింగ్ 1708లో కన్నుమూసింది నాందేడ్‌లో, గోదావరి ఒడ్డున. తన తర్వాత మనిషి గురువు ఉండడనీ, గ్రంథమే గురువనీ చెప్పి వెళ్లాడు. ఆయన్ని సాగనంపిన ఆ నీళ్లే కిందికి మన బాసరకు వస్తాయి.

ఇక ఈస్టర్. 2025లో దానికో విశేషం ఉంది. అన్ని సంఘాల క్రైస్తవులూ ఒకే ఆదివారం పండగ చేసుకోవాలని 325లో నైసియా సభ తీర్మానించి అప్పటికి సరిగ్గా 1700 ఏళ్లు. తూర్పు సంఘాలు పాత జూలియన్ లెక్క వదలకపోవడంతో తేదీలు చాలా ఏళ్లు వేరుగా వస్తాయి. ఆ ఏడాది మాత్రం రెండు లెక్కలూ ఏప్రిల్ 20 దగ్గరే కలిశాయి. మళ్లీ కలిసేది 2028లో.

మట్టల ఆదివారం, శుక్రవారం ఏడు మాటల ఆరాధన, ఇవి ఊరూరా ఉన్నవే. నన్ను కదిలించేది కోస్తా పల్లెల్లో ఈస్టర్ తెల్లవారుజాము. ముందురోజే సమాధులు కడిగి సున్నం వేస్తారు. చీకటి ఉండగానే పూలు, కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకి వెళ్తారు. చనిపోయిన తల్లి పక్కన, బిడ్డ పక్కన కూచుని పునరుత్థానపు పాటలు పాడతారు. సువార్తల్లో కూడా ఖాళీ సమాధిని మొదట చూసింది అలా తెల్లవారుతుండగా వెళ్లిన ఆడవాళ్లే, మగ్దలేనే మరియ వాళ్లలో ఒకరు. దేవుడు మనిషై వచ్చాడు, మనుషుల పాపాల కోసం సిలువ మీద చనిపోయాడు, మూడోనాడు లేచాడు, కాబట్టి చావు ఆఖరిమాట కాదు. క్రైస్తవ విశ్వాసం అంతా నిలబడేది ఈ మాట మీదే. ఏప్రిల్ నాలుగో తేదీన చైనావాళ్లు కూడా చింగ్‌మింగ్ పేరుతో పెద్దల సమాధులు శుభ్రం చేశారు. అక్కడ ఉన్నది పెద్దల పట్ల భక్తి, ఇక్కడ ఉన్నది తిరిగి లేస్తారన్న ఆశ. రెండూ నాకు గొప్పవే.

పోప్ ఫ్రాన్సిస్ ఈస్టర్ ఆదివారం జనానికి కనిపించి ఆశీర్వదించారు. మర్నాడు పొద్దున్నే వెళ్లిపోయారు. మే 8న కొత్త పోప్‌గా లియో XIV వచ్చారు, అమెరికాలో పుట్టి పెరూలో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. ఎన్నుకున్న 133 మంది కార్డినల్స్‌లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ ఉన్నారు. కార్డినల్ అయిన మొదటి తెలుగువాడు, మొదటి దళితుడు ఆయనే. మన మనిషి ఒకరు ఆ ఓటు వేశారంటే నాకు చెప్పలేనంత సంతోషం.

ఆ మధ్యలోనే, ఏప్రిల్ 22న, కశ్మీర్‌లో పహల్గాం దగ్గర ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మతం అడిగి మరీ చంపారని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. పర్యాటకుల్ని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న గుర్రాల మనిషి కశ్మీరీ ముస్లిం. ఆ వారమంతా నాకు ఏ పని మీదా మనసు నిలవలేదు. పక్కవాళ్ల పండగ గురించి నాలుగు ముక్కలైనా తెలిసి ఉండాలని గట్టిగా తోచి, ఈ కబుర్లు రాయడానికి కూచున్నాను.

మే 12, వైశాఖ పున్నమి. సిద్ధార్థుడు లుంబినిలో పుట్టింది, బోధగయలో జ్ఞానం పొందింది, కుశీనగరంలో తనువు చాలించింది ఈ పున్నమికే అంటారు. దుఃఖం ఉంది, దానికి తృష్ణ కారణం, ఆ కారణాన్ని తీసెయ్యొచ్చు, అందుకు దారి ఉంది. వైద్యుడు రోగం, కారణం, మందు చెప్పే వరసలో చెప్పాడాయన. దేవుడి ప్రస్తావన అవసరం రాలేదు. అమరావతి తొలి శిల్పాల్లో ఆయనకు రూపమే ఉండదు. ఖాళీ సింహాసనమో, పాదాల గుర్తో ఉంటుంది, చుట్టూ జనం మొక్కుతుంటారు.

పిప్రావా నగల వార్త చదివే ఉంటారు. నేపాల్ సరిహద్దు దగ్గర స్తూపంలో 1898లో బుద్ధుడి ధాతువులతో పాటు బయటపడ్డ రత్నాల్లో కొన్ని, తవ్వించిన బ్రిటిష్ జమీందారు పెప్పే కుటుంబం దగ్గర ఉండిపోయాయి. మే 7న హాంకాంగ్‌లో వాటిని సోథబీస్ వేలం వేయబోయింది. భారత ప్రభుత్వం నోటీసు ఇవ్వడంతో వాయిదా పడింది. భక్తులు ఆ రత్నాలను ఆయన అస్థికల నుంచి వేరుచేసి చూడరు. అందుకే వాటికి ధర కట్టడం నాకూ మింగుడు పడలేదు. ఇలాంటి ధాతు పేటికలే 1892లో మన భట్టిప్రోలులో బయటపడ్డాయి, బ్రాహ్మీ లిపి శాసనాలతో. అవి తెలుగునేల మీద దొరికిన అతి పాత రాతల్లో ఉన్నాయి.

అదే మే నెలలో కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. బృహస్పతి మిథునంలోకి రావడంతో మే 15న మొదలై, 26 దాకా సాగాయి. గోదావరి, ప్రాణహిత కంటికి కనిపిస్తాయి, సరస్వతి మాత్రం అంతర్వాహిని. కనబడని నదిలో మునగడానికి ఎండలో అన్ని వేల మంది వచ్చారంటే, హిందువుల నమ్మకానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? ఈ మతానికి ఒక ప్రవక్త లేడు, పుట్టిన తేదీ లేదు. ఆత్మ చావదు, కర్మ వెంట వస్తుంది, పోయినవాళ్ల పట్ల బతికున్నవాళ్లకి బాధ్యత ఉంది. రేవులో పిండం పెట్టే ప్రతి కొడుకూ చేస్తున్నది అదే. కాళేశ్వరం గుడిలో ఒకే పానవట్టం మీద యముడి పేర ఒకటి, శివుడి పేర ఒకటి రెండు లింగాలున్నాయి.

జూన్ 7న బక్రీద్ వచ్చింది. ఇబ్రహీం ప్రవక్త దేవుడి మాట మీద కన్నకొడుకునే ఇవ్వబోయిన కథ. యూదులు, క్రైస్తవులు ఆయన్నే అబ్రాహాము అంటారు, మూడు మతాలకీ మూలపురుషుడు. కోసిన మాంసంలో బంధువులకీ, బీదలకీ భాగాలు వెళ్లాలి.

చివరగా పంచాంగం మాట. ఉగాది, ఈద్ కలవడం 2024 నుంచి 2026 దాకా మూడేళ్లూ ఉన్నదే. ఆ తర్వాత విడిపోతాయి. చాంద్రమాన సంవత్సరం సూర్యుడి ఏడాది కన్నా పదకొండు రోజులు పొట్టి. మనం ఆ లోటును అధిక మాసంతో పూడుస్తాం, యూదులూ అలాగే చేస్తారు, అందుకే చైత్ర పున్నమి, పస్కా పెద్దగా ఎడబాయవు. ఇస్లాం నెల కలపడాన్ని నిషేధించింది. అందుకని రంజాన్ దాదాపు 33 ఏళ్లలో అన్ని రుతువులూ తిరిగొస్తుంది. 2026లో మనకు అధిక జ్యేష్ఠం. దాంతో 2027 ఉగాది ఏప్రిల్ 7కి జరుగుతుంది, ఈద్ మార్చి 10 ప్రాంతానికి వెళ్లిపోతుంది. పక్కింటివాళ్లతో కలిపి రెండు పండగలూ ఒకే వారంలో చేసుకునే ఈ వరసలో చివరిది 2026 మార్చి. 19న ఉగాది, నెలవంకను బట్టి 20నో 21నో ఈద్.