ఖాళీ ఉన్నా ఖాళీ కాని టేపులు

కర్నూల్లో మా ఇల్లు. రాత్రి రెండు. పాత ట్రంకుపెట్టె మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని చూస్తున్నా: ఆఫీసు బ్యాకప్‌కి ఒక్క ఖాళీ టేపూ లేదు. గడువు తీరిన డేటాకి ఎక్స్‌పైరేషన్ రోజూ నడుస్తోంది కదా!

కానీ ఎక్స్‌పైర్ అయితే డేటాబేస్‌లో పేరు పోతుందంతే. టేపులో మధ్య ముక్క చెరిపి అక్కడే రాయలేం. పనికొచ్చే ఫైళ్లను వేరే టేపుకి మార్చాకే పాతది ఖాళీ. అదే రిక్లమేషన్. మేం వాడే టీఎస్ఎమ్‌లో దాని హద్దు ఎవరో 100 పెట్టారు. అంటే అసలు చేయొద్దని!

"పాతవి డిలీట్ కొట్టెయ్ తమ్ముడూ" అన్నాడు సీనియర్. చెయ్యి రాలేదు. ఈ పెట్టె 2009 అక్టోబర్ తుంగభద్ర వరదలో మునిగింది. అమ్మ బురదలోంచి పాసుపుస్తకం, జేజి ఫొటో ఏరి పక్కన పెట్టాకే మిగతాది పారేసింది.

హద్దు 90కి దించా. పదో వంతుకు మించి మిగలని టేపులే ముందు. తెల్లారేసరికి రెండు ఖాళీ. ఇంకా ముప్పై ఉన్నాయి.