గుర్రుమనే హక్కు

మా కోకో గుర్రుమంటే "అబ్బో, మంచి కాపలా కుక్కండీ" అంటారు ఇంటికొచ్చిన తెలుగువాళ్లు. కాపలా లేదు, పాడూ లేదు. దానికి భయం. ఇక్కడ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో షెల్టర్ నుంచి మేం తెచ్చుకునేనాటికే అది ఎదిగిన కుక్క. కుక్కపిల్లకి లోకం పరిచయమయ్యేది సుమారు 3వ వారం నుంచి 14వ వారం దాకా. ఆ రోజుల్లో టోపీ పెట్టుకున్న మగవాళ్లనీ, పరిగెత్తే పిల్లల్నీ ధీమాగా చూడకపోతే తర్వాత వాళ్లంతా దానికి గండంలా కనిపించొచ్చు. కోకోకి ఆ వారాలు ఎక్కడ గడిచాయో ఎవరికీ తెలీదు.

కుక్క ఉన్నట్టుండి కరవడం అరుదు. ముందు నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. మూతి నాక్కుంటుంది. తల పక్కకి తిప్పి ఓరగా చూస్తుంది, కంటి తెల్లగుడ్డు బయటపడుతుంది. ఒళ్లు బిగుస్తుంది. అప్పుడు గుర్రు. అంతకంటే మర్యాదగా అదేం చెప్పగలదు? ఆ గుర్రుకి ఓ దెబ్బ వేస్తే పోయేది భయం కాదు, హెచ్చరిక. ఇక చెప్పకుండానే కరుస్తుంది. "నువ్వే నాయకుడివని చూపించాలి" అంటూ ముళ్ల కాలర్ వేయించే ట్రైనర్లు ఇక్కడా ఉన్నారు. 1970లో తన పుస్తకంతో, తోడేళ్ల గుంపుకో నాయకుడుంటాడనే ఆ కథకి ప్రచారం తెచ్చిన తోడేళ్ల శాస్త్రవేత్త డేవిడ్ మీచే, అడవిలో తోడేళ్ల గుంపంటే సాధారణంగా అమ్మా నాన్నా పిల్లలేనని 1999లో రాశారు. ఈ ట్రైనర్లకింకా ఆ కబురు అందినట్టు లేదు.

కోకో భయానికి మందు దూరమే. నడకలో మనిషి కనబడగానే, కోకో చూసినా బిగుసుకోనంత దూరంలో ఆగుతాం. చూసిన వెంటనే ఉడికించిన చికెన్ ముక్క. మనిషి వెళ్లిపోతే చికెన్ బంద్. వారాల తరబడి ఇదే పని. పొద్దున చెత్త లారీ, మధ్యాహ్నం పార్సిల్ అబ్బాయి, ఇలా భయాలు పేరుకున్న రోజున నిన్నటి దూరం చాలదు. ఆ సాయంత్రం నడక మానేస్తాం. బాగా ముదిరిన కేసులకి పశువైద్యులు ఫ్లూఆక్సెటిన్ లాంటి మందులూ రాస్తారు. మూతికి బుట్ట కూడా అలవాటు చేశాం. చూసినవాళ్లు జాలిపడతారు, పడనివ్వండి. కాలిఫోర్నియా చట్టంలో మొదటిసారి కరిచినా బాధ్యత యజమానిదే. "ఇదివరకెప్పుడూ కరవలేదండీ" అంటే చెల్లదు.

తెనాలి నుంచి అమ్మానాన్నా వచ్చినప్పుడు పెద్ద పాఠమే మొదలుపెట్టాను. కళ్లల్లోకి చూడొద్దు, తల మీద చెయ్యి వెయ్యొద్దు... "వీధికుక్కలకి అన్నం పెట్టే చేతికి చెప్తున్నావటే?" అంది అమ్మ. వంటింటి గుమ్మంలో పక్కకి తిరిగి నిలబడి, పెరుగన్నం ముద్ద కోకో వెనకాల పడేలా విసిరి, దాని వంక చూడకుండా లోపలికి పోయింది. తిండి కోసం కోకో కొత్త మనిషి దగ్గరికి రానక్కర్లేకపోయింది. మా ట్రైనరమ్మ గంటకింతని డాలర్లు తీసుకుని నేర్పిందీ ఇదే.

నాన్న మాత్రం వంగి, చెయ్యి చాపి "దా, దా" అంటారు. ఆయన ఉన్నన్నాళ్లూ హాల్లో పిల్లల గేటు తియ్యలేదు.